పెరటి యజమాని అర్జీ

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుల వారి సముఖానికి, మూడో వీధి చివరింటి గృహస్థు విన్నవించుకునేది.

అయ్యా, ఇంటిపన్నూ కుళాయిపన్నూ నా పేరనే వస్తున్నాయి కనుక పెరడు నాదేననే భ్రమలో ఉన్నాను. మామిడి పూత పట్టేదాకా ఆ భ్రమను ఎవరూ చెడగొట్టలేదు. ఇప్పుడు పొద్దున్నే తలుపు తీస్తే, పక్కింటి కెమెరా ఆయన నా గోడవారన నా స్టూలే వేసుక్కూర్చుని నన్నే "ష్" అంటాడు. మందార మీద తేనెపిట్ట వాలిందట, నేను దగ్గకూడదట.

చిలుకలు జామకాయను సగం కొరికి పారేసి పక్క కాయ మీద పడతాయి. కర్ర తీశానో లేదో, కాలనీ పిల్లలకు బొమ్మలు నేర్పే టీచరమ్మ అడ్డొచ్చారు. 2018 నుంచి రామచిలుక మన రాష్ట్ర పక్షి, వేప రాష్ట్ర వృక్షం, మల్లె రాష్ట్ర పుష్పమట. మూడూ నా పెరట్లోనే ఉన్నాయి. అంటే నాకు మిగిలింది ఊడ్చే హక్కే. రాలిన వేపపూత రోజూ నేను ఊడుస్తాను, ఉగాది పచ్చడికి మాత్రం వీధి వీధంతా సంచులతో దిగుతుంది.

ఇక మల్లెపందిట్లో పికిలిపిట్ట గూడు పెట్టింది. పొదగడానికి రెండు వారాలు, పిల్లలకు రెక్కలు రావడానికి దాదాపు ఇంకో రెండు. అందాకా పందిరి ఛాయలకు పోరాదని బొమ్మల క్లాసు తీర్మానించింది. దేవుడికి పూలు బజార్లో కొంటున్నాను. ఫిబ్రవరిలో కుర్రాళ్లు కొందరొచ్చి పావుగంట నిలబడి పెరటి పక్షుల లెక్క తీశారు. ఏటా నాలుగు రోజులు సాగే ఈ లెక్క 1998లో అమెరికాలో మొదలై, 2013 నుంచి ప్రపంచమంతా పాకిందట. గోరింక దగ్గర్నుంచి దర్జీపిట్ట దాకా అన్నిటినీ పేరుపేరునా రాసుకున్నారు. మంచినీళ్లిచ్చిన వాడి పేరు మాత్రం అడగలేదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. కవులను ఓర్చుకోలేను. ప్రతివాడూ కోయిలమ్మ అంటాడు. అయ్యా, తెల్లవారుజామున నా నిద్ర చెడగొట్టేది నల్లటి మగ కోయిల. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఆకుల్లో నక్కి, కాకి ఎప్పుడు గూడు వదులుతుందా, గుడ్డు పెట్టి పోదామా అని కాచుకు కూర్చుంటుంది. మావిచిగురు తిని గొంతు సవరించుకుంటుందన్నది వీళ్ల కల్పన. నేను చూస్తుండగా అది తిన్నది నా బొప్పాయి.

పుల్లా పుడకా ఏరి గూడు కట్టేది కాకి. ఎవరి గుడ్డో పొదిగి, ఎవరి పిల్లకో నోట్లో కూడు పెట్టేదీ కాకే. అయినా ఒక్క వసంత కవితలోనూ దానికి చోటు లేదు. దాని బాధ ఈ కాలనీలో నాకొక్కడికే తెలుసు.

ఉగాది కవిసమ్మేళనం కూడా మా పెరట్లోనే పెట్టారు. షామియానా గుంజలు నా తోటకూర మడిలో దిగాయి. ఎంతైనా స్థలదాతను కదా అని, కాకి మీద నాలుగు సీసపద్యాలు రాసుకుని అయిదు నిమిషాలు అడిగాను. కార్యదర్శి గారు చెవులు మూసుకున్నంత పనిచేశారు. "పండగపూట కాకేమిటండీ మాస్టారూ! మహాలయ పక్షాలొస్తాయిగా, అప్పుడు చదువుదురుగాని" అన్నారు.

కనుక తమరు కలగజేసుకుని నాకు ఆ అయిదు నిమిషాలైనా ఇప్పించండి, లేదా నా మడిలోంచి గుంజలైనా పీకించండి. పద్యాలు జతపరిచాను.