మెయిలు అట్టడుగున నేను

నన్ను చూడాలంటే మెయిలును చివరిదాకా జరపాలి. చీరల ఫొటోలు, యాభై శాతం తగ్గింపులు, ఎర్ర బటన్లు, కంపెనీ చిరునామా అన్నీ దాటాక, తెల్లటి నేల మీద లేత బూడిద రంగులో, అన్నిటికంటే చిన్న అక్షరాలతో ఉంటాను. అన్‌సబ్‌స్క్రైబ్ లింకుని. ఈ రంగు, ఈ సైజు నేను కోరుకున్నవి కావు. 'ఇప్పుడే కొనండి' బటన్‌ను వేలికి ఇట్టే తగిలేంత పెద్దగా గీసినవాళ్ళే నన్ను కంటికి ఆననంత చిన్నగా గీశారు. గీయడం బాగా వచ్చినవాళ్ళు. తెలిసే చేశారు.

అడగని ఉత్తరాల కథ నాకంటే పాతది. 1978 మేలో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒక్కసారే సందేశం పంపాడు. చాలామందికి కోపం వచ్చింది, అధికారులు మందలించారు. 'ఇక పంపకండి' అని నొక్కడానికి మాత్రం ఆ సందేశంలో ఒక చోటంటూ లేదు. 1998లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజనీర్లు ఆర్‌ఎఫ్‌సీ 2369 అనే పత్రంలో నాకొక నిర్ణీత రూపం ఇచ్చారు. మెయిలు తలభాగంలో, మనుషుల కంటపడని చోట, ఈ జాబితా నుంచి బయటపడే దారి ఇదీ అని చెప్పే ఒక వరుస అది. నాకు చట్టబలం తెచ్చింది 2003 డిసెంబరులో అమెరికా చేసిన క్యాన్-స్పామ్ చట్టం. మానుకుంటానన్న మనిషి దగ్గర డబ్బు అడగకూడదు, మెయిల్ ఐడీ తప్ప ఇంకో వివరం గుంజకూడదు, ఒక్క పేజీకి మించి తిప్పకూడదని 2008లో దాని కింద నిబంధనలు కూడా వచ్చాయి. ఇంత మంచి మాట నా గురించి ఎవరో రాశారంటే నాకు ఇప్పటికీ సంతోషమే. కానీ అది అమెరికా చట్టం. నేను పనిచేసింది కూకట్‌పల్లిలో ఒక ఇంట్లో.

ఆమె పేరు చెప్పను. నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఫోన్‌లో ఒక ప్రెగ్నెన్సీ యాప్ పెట్టుకుంది. పేరు, మెయిల్ ఐడీ, చివరి నెలసరి తేదీ అడిగారు, ఇచ్చింది. కంపెనీ కంప్యూటరు ఆ తేదీకి 280 రోజులు కలిపి కాన్పు తేదీ లెక్కగట్టి, వారానికొకటి చొప్పున రావలసిన మెయిళ్ళన్నిటినీ ఆ రోజే వరుసలో పెట్టేసింది. మీ పాప ఇప్పుడు నిమ్మకాయంత, ఇప్పుడు మామిడికాయంత అంటూ వచ్చేవి. వాటన్నిటి అడుగునా నేనున్నాను. ఆమె నాదాకా రాలేదు, రావలసిన పనీ లేదు. ఆ మెయిళ్ళను ఇష్టంగా చదివేది, ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకు ఫోన్‌లో చదివి వినిపించేది. కోరి తెప్పించుకున్న మెయిలు మీద నాకే ఫిర్యాదూ లేదు.

ఐదో నెలలో చేసిన టిఫా స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదని తేలింది.

కంప్యూటరుకు తెలిసింది కాన్పు తేదీ ఒక్కటే. ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే తర్వాతి మెయిలు వచ్చింది. పాపకు మీ గొంతు వినిపిస్తోంది, మాట్లాడుతూ ఉండండి అని. ఆ వెనకే సీమంతం చీరల ఆఫరు, ఆమె ఎప్పుడూ పేరు కూడా వినని ఇంకో కంపెనీ నుంచి. యాప్‌వాళ్ళు ఆమె వివరాలు 'భాగస్వాముల'తో పంచుకున్నారు. కొన్నిటిని తెరవకుండానే తుడిచేసింది. తుడిస్తే ఆ ఒక్కటీ పోతుంది, వరుసలో ఉన్నవి పోవు. చివరికి ఒక రాత్రి యాప్ మెయిలొకదాన్ని కిందిదాకా జరిపింది. నేను కనబడ్డాను.

నొక్కగానే పాస్‌వర్డ్ అడిగారు. చేరేటప్పుడు ఓటీపీతో పని జరిగిపోయింది, పాస్‌వర్డ్ అన్నది ఆమె పెట్టుకోనే లేదు. "అక్కా, ఇలా ఇవ్వు, నేను తీసేస్తా" అని పక్కనున్న చెల్లెలు ఫోన్ అందుకుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక ఒక పేజీ వచ్చింది. దాని మీద 'నేను కొనసాగుతాను' అని పెద్ద గులాబీ రంగు బటన్. దాని కింద సన్నటి అక్షరాలతో ఇంగ్లిషులో ఒక వాక్యం, నా బిడ్డ ఎదుగుదల గురించి తెలుసుకోవడం నాకు అక్కర్లేదు అని. బయటికి రావాలంటే ఆ వాక్యాన్నే నొక్కాలి. చెల్లెలు చదివి, అక్కకు కనబడకుండా ఫోన్ తనవైపు తిప్పుకుంది.

తర్వాత కారణం అడిగారు. మెయిళ్ళు మరీ ఎక్కువ వస్తున్నాయి, విషయాలు ఉపయోగపడటం లేదు, నేను చేరనే లేదు, ఇతరం. ఇతరం నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంది, నింపితే తప్ప కదలదు. ఆ అమ్మాయి అందులో ఒక చుక్క పెట్టింది. పెట్టెకు అది చాలింది. వాళ్ళకు కావలసింది కారణం కాదని నాకు అప్పుడే అర్థమైంది. మధ్యలో విసిగి మానుకునేవాళ్ళ కోసం కట్టిన మెట్లు అవి.

ఆఖరున, మీ కోరిక అమలు కావడానికి 10 పని దినాలు పట్టవచ్చని చెప్పారు. అంటే రెండు వారాలు. ఆ రెండు వారాల మెయిళ్ళూ వచ్చాయి. ఈ పది పని దినాల గడువు ఆ 2003 చట్టంలోనిదే. పంపే కంపెనీ ఒకటి, జాబితా దాచే కంపెనీ ఇంకొకటి అయినప్పుడు పేర్లు తీసేయడానికి వ్యవధి కావాలనుకున్నారు. కాన్పు తేదీని క్షణంలో లెక్కగట్టిన యంత్రానికి ఒక పేరు ఆపడానికి రెండు వారాలెందుకు? నేను నమ్మను.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. 2018 డిసెంబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో పనిచేసే జిలియన్ బ్రాకెల్, మృతశిశువును కన్న తర్వాత కూడా తనను వెంటాడిన ప్రకటనల గురించి టెక్ కంపెనీలకు బహిరంగ లేఖ రాసింది. 2019లో బ్రిటన్‌లో బ్లూమ్ అండ్ వైల్డ్ అనే పూల కంపెనీ, మదర్స్ డే మెయిళ్ళు మాత్రం వద్దనుకునేవాళ్ళు ముందే చెప్పవచ్చని ఖాతాదారులకు రాసింది. వేలమంది చెప్పారు. అమ్మ లేనివాళ్ళు, అమ్మ కాలేకపోయినవాళ్ళు ఆ జాబితాల్లో ఎందరున్నారో ఎవరో ఒకరు ఆలోచించారన్నమాట.

నన్ను సరిగ్గా కట్టడం ఎలాగో ఇంజనీర్లకు ఎప్పటినుంచో తెలుసు. వైరస్‌ను, స్పామ్‌ను పట్టే సాఫ్ట్‌వేర్లు తరచూ మెయిల్లోని లింకులను ముందుగా తెరిచి చూస్తాయి. ఒక్క నొక్కుతో పనిచేసేలా నన్ను పెడితే, మనిషి ముట్టకుండానే పేరు పోయే ప్రమాదం ఉంది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8058 దానికి విరుగుడు చూపింది. ఊరికే తెరిస్తే ఏమీ జరగదు, మెయిల్ యాప్‌లోని బటన్‌ను మనిషి నొక్కినప్పుడు వెళ్ళే ప్రత్యేక సందేశానికే పేరు తొలగుతుంది. పాస్‌వర్డ్ లేదు, పేజీ లేదు. రోజుకు 5,000 మెయిళ్ళకు మించి పంపే ప్రచార సంస్థలు ఈ ఏర్పాటు పెట్టాలని, రెండు రోజుల్లో ఆపేయాలని జీమెయిల్ 2024లో పట్టుబట్టింది. అందుకే ఇప్పుడు చాలా మెయిళ్ళలో పంపినవారి పేరు పక్కనే నేను కనబడతాను. వెతుక్కునేవాళ్ళు ముందు అక్కడ చూడాలి.

నా వేషం వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎన్నడూ వినని పేరుతో, లాటరీ తగిలిందనే మెయిలు అడుగున ఉన్నది నేను కాదు. దాన్ని నొక్కితే, ఈ ఐడీ వెనక మనిషి ఉన్నాడని మోసగాడికి తెలుస్తుంది. అలాంటివాటిని స్పామ్‌లో వేయడమే మంచిది.

మన దేశంలో ఫోన్లు, ఎస్‌ఎంఎస్‌లు వద్దంటే 1909 ఉంది, మెయిళ్ళకు అలాంటి నంబరు లేదు. సిగ్గుపడేలా రాసి కట్టిపడేయడం, చేరినవాళ్ళను వదలకపోవడం వంటి 13 రకాల మాయలను వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంటోంది. సమ్మతి అడిగే పత్రాన్ని తెలుగులో చదువుకునే హక్కూ ఇస్తోంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, కంపెనీలు సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు.

గర్భిణులకు మెయిళ్ళు రాసేవాళ్ళు ఆ గడువు దాకా ఆగనక్కర్లేదు. నన్ను పైకి తీసుకురండి, మొదటి వాక్యం కిందికి. 'ఇక ఈ మెయిళ్ళు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి' అని ఆ తల్లి చదువుకునే భాషలో రాయండి. కారణం అడగవద్దు. నొక్కిన మరుక్షణం మిగిలిన వారాలన్నీ రద్దు చేయండి, కాన్పు తేదీ తర్వాత పంపాలని పెట్టుకున్న డైపర్ల మెయిళ్ళతో సహా. భాగస్వాములకు ఇచ్చిన ఆమె పేరును కూడా వాళ్ళ జాబితాల్లోంచి మీరే తీయించండి.