బావ లెవెలే వేరు

గ్యాస్ స్టవ్ ఏ వైపు తిప్పితే మంట తగ్గుతుందో మా బావకి తెలియదు. వంటలో మాత్రం ఆయనది తొంభైతొమ్మిదో లెవెల్. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు ముట్టని మనిషి, చిన్న రొయ్యలతో మొదలుపెట్టి సొరచేపల దాకా వేలకి వేలు కాల్చి అవతల పడేశాడు. ఉల్లిపాయలు తరిగిపెట్టమని అక్క అడిగితే కళ్ళు మండుతాయంటాడు. లాబ్‌స్టర్లు వండే రోజుల్లో రాత్రి రెండింటి దాకా అవే కళ్ళు ఫోన్ తెరకి అప్పగించి కూర్చునేవాడు. "సగం మాడిపోతున్నాయిరా. డెబ్భైనాలుగో లెవెల్ దాటితే ఇక మాడవు" అని నాతో అనేవాడు. వంటింట్లో పాలు పొంగిన వాసన ఆ సమయంలో ఆయన ముక్కుకి తగిలేది కాదు.

బావ కాపురం మియాపూర్‌లో, నివాసం గీలినోర్‌లో. గీలినోర్ అంటే రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలోని లోకం. ఇలాంటి ఆట ఆడేవాడంటే కత్తి దూసి డ్రాగన్ల మీదకి ఉరికే వీరుడని మనం అనుకుంటాం. అలాంటివాళ్ళూ ఉన్నారు. బావ జాతి వేరు. వీళ్ళు మాయాలోకంలో కూలికి వెళతారు. కట్టెలు కొడతారు, చేపలు పడతారు, గనుల్లో రాళ్ళు పగలగొడతారు. కొట్టిన కట్టెల్ని వరసగా పేర్చి, ఎవరికీ పనికిరాని మంటలు రాజేసుకుంటూ పోతారు, ఎందుకంటే నిప్పు రాజెయ్యడానికీ ఒక లెవెల్ ఉంది. రాక్షసుల్ని కూడా చంపుతారు కానీ పగతో కాదు, ఎముకల కోసం. ఎముకలు పాతిపెడితే భక్తి పెరుగుతుంది అక్కడ. బావ భక్తి ఆ లెక్కన ఎప్పుడో నలభైమూడు దాటింది. ఇంట్లో దీపం వెలిగించడం మాత్రం అక్క డిపార్ట్‌మెంటు.

ఒకరోజు భోజనాల దగ్గర బావ ఛాతీ విరుచుకుని "కట్టెలు కొట్టడంలో తొంభైరెండుకొచ్చాను" అన్నాడు. అక్క సంతోషించింది. "అయితే ఇంకేం, ఏడేగా! దసరాకల్లా అయిపోతుందా?"

"అవ్వదు. ఇప్పటికి సగం దూరం వచ్చాను."

అక్క లెక్కల టీచరు. గరిటె పక్కన పెట్టింది. అప్పుడు బావ వివరించాడు. ఈ ఆటలో దాదాపు ఏడేసి లెవెళ్ళకి కావలసిన ఎక్స్‌పీ, అంటే అనుభవం పాయింట్లు, రెట్టింపవుతుందట. తొంభైతొమ్మిదికి చేరాలంటే మొత్తం 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి. తొంభైరెండులో అడుగుపెట్టేసరికి చేతికొచ్చేది 65,17,253. యూ చెట్టు దుంగ ఒకటి పడితే వచ్చేది 175. మొదటి నుంచీ యూ చెట్లే కొట్టినా డెబ్భైనాలుగు వేల పైచిలుకు దుంగలు. అసలు ఆ చెట్టు మీద గొడ్డలి వెయ్యాలంటేనే అరవయ్యో లెవెల్ ఉండాలి, కాబట్టి అప్పటిదాకా చిల్లర చెట్లు. అక్క మనసులో ఏదో గుణించుకుని, ఆ మధ్యాహ్నం ఇక మాట్లాడలేదు.

బావని వెనకేసుకొస్తున్నానని అక్క అంటుంది గానీ, ఈ కూలిలో ఆకర్షణ ఏమిటో నాకు కొంత అర్థమైంది. ఆఫీసులో ఏడాదంతా చేసిన చాకిరీకి అప్రైజల్ రోజున మేనేజరు తల ఆడించి "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్" అంటాడు, అంతే. ఇక్కడ ఒక్క దుంగ కూడా లెక్క తప్పదు. లెవెల్ పెరిగితే నెత్తి మీద బాణాసంచా పేలుతుంది, పక్కన చెట్టు కొడుతున్న బ్రెజిలువాడు "జీజడ్" అని అభినందిస్తాడు. బావకి పదోన్నతి వచ్చినప్పుడు ఆఫీసులో ఒక్కడూ అంత చప్పున స్పందించలేదు.

ఈ రోగం పాతది. గోవర్ అన్నదమ్ములు ఇంగ్లండులో ఈ ఆటని 2001 జనవరిలో వదిలారు. బ్రౌజర్లోనే నడిచేది కాబట్టి నెట్ సెంటర్ ఓనర్‌ని బతిమాలి ఏదీ ఇన్‌స్టాల్ చేయించుకోనక్కర్లేదు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో బావ దిల్‌సుఖ్‌నగర్‌లో గంటకింతని కట్టి ఆడేవాడు. అప్పుడే ఎవడో "నీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేసిస్తాను, ఇలా ఇవ్వు" అన్నాడట. బావ ఇచ్చాడు. అంచూ లేదు, కవచమూ లేదు, వాడూ లేడు. ఈ రోజుకీ ఎవరైనా వచ్చి ఫలానా వెంచర్లో ప్లాట్ వేసుకోమంటే బావ మొహంలో ఆ బంగారు అంచు తళుక్కుమంటుంది. దానివల్ల మా కుటుంబానికి మిగిలిన డబ్బు తక్కువేం కాదు.

తర్వాత కంపెనీ ఆటని మార్చుకుంటూ పోతే పాతకాపులు గగ్గోలు పెట్టారు. చివరికి 2007 ఆగస్టు నాటి కాపీని దుమ్ము దులిపి, 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ అని మళ్ళీ తెరిచారు. 2018లో అది ఫోన్‌లోకీ వచ్చింది, అక్క కష్టాలు అక్కడ మొదలయ్యాయి. ఈలోగా బావకి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, నడినెత్తి బయటపడింది.

ఆటలోని లంబ్రిడ్జ్ కోటలో వంటవాడు కొత్తగా వచ్చినవాళ్ళని ఒక పని అడుగుతాడు. దొరగారి పుట్టినరోజు కేకుకి గుడ్డు, పాలు, పిండి తెచ్చిపెట్టమంటాడు. కోళ్ళ దొడ్లో గుడ్డు ఏరాలి. ఆవుని వెతికి బకెట్లోకి పాలు పితకాలి. గోధుమలు కోసి, మర పైఅంతస్తుకి ఎక్కి తొట్లో పోసి, మీట తిప్పి, మళ్ళీ కిందికొచ్చి కుండలో పిండి పట్టాలి. మా పెద్దమేనల్లుడి పుట్టినరోజుకి ముందు రోజు, వాడి చేత ఈ పనంతా దగ్గరుండి చేయించాడు బావ. వీధి చివర డెయిరీ బూత్ నుంచి పాల ప్యాకెట్ నేను తెచ్చాను.

ఇక జాడ్ అనే రాక్షసుడి సంగతి. ఆటలో ఒక గుహలో ఒకదాని తర్వాత ఒకటిగా అరవైమూడు దండయాత్రల్ని తట్టుకోవాలి. బావలాంటివాడికి గంట దాటుతుంది. అరవైమూడో దాంట్లో వస్తాడు జాడ్. వాడు ముందుకాళ్ళు పైకెత్తితే మంత్రం వేస్తాడు, నేలకేసి బాదితే మన నెత్తిన రాయి పడుతుంది. కాళ్ళు చూసి ఆ క్షణంలో తగిన ప్రార్థన నొక్కాలి. పొరపడితే ఒక్క దెబ్బకి 97 దాకా పోతుంది, మనిషికి ఉండే ప్రాణమే గరిష్ఠంగా 99. గెలిస్తే నిప్పులు చెరిగే శాలువా కప్పుతారు. ఆ శాలువా కోసం బావ సెలవు పెట్టాడు.

సరిగ్గా జాడ్ ఎదురుగా నిలబడ్డ వేళ కాలింగ్ బెల్ మోగింది. గ్యాస్ బండ.

"ఏవండీ, కోడ్ అడుగుతున్నాడు. మీ ఫోన్‌కే వచ్చిందట."

"ఒక్క నిమిషం."

"ఆపి చూడండి."

"ఇది ఆగదు!"

"మేడం, ఇంకా చానా ఇండ్లున్నయి" అని గుమ్మంలోంచి అబ్బాయి.

అక్క ఇక ఆగలేదు. భర్త భుజం మీదుగా చెయ్యి చాపి, బొటనవేలితో తెర పైనుంచి కిందికి లాగింది. మెసేజిలన్నీ దిగాయి. బ్యాంకువాడి లోన్ ఆఫర్, స్కూల్ ఫీజు, వాటి మధ్యలో గ్యాస్ కోడ్. వాటన్నిటి వెనక జాడ్ కాళ్ళు. "నాలుగు... ఏడు..." అని అక్క చదువుతుండగా బావ గొంతులోంచి అదో రకం శబ్దం వచ్చింది. పరదా తొలిగేసరికి జాడ్ ఒక్కడే ఉన్నాడు.

గ్యాస్ అబ్బాయి బండ దించి, లోపలికి తొంగిచూసి, "జాడా సార్? ప్రేయర్ మార్చలేదా?" అన్నాడు. "నేను రెండోసారికే కొట్టిన."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి ఎంతసేపు మాట్లాడుకున్నారో, కింద వీధిలో బళ్ళవాళ్ళు ఎన్ని హారన్లు కొట్టారో చెప్పను. ఆ కుర్రాడు చెప్పినట్టు చేసి వారంలో బావ శాలువా కప్పించుకున్నాడు. అప్పట్నుంచి మా అక్కావాళ్ళింటికి గ్యాస్ ఆలస్యమైన దాఖలా లేదు.

ఖర్చు మాట ఎత్తితే బావకి రోషం. సభ్యత్వానికి రూపాయి పెట్టడు. బాండ్ అని ఒకటుంటుంది, ఆటలోని కోటికి పైగా నాణేలు పోసి కొంటే పద్నాలుగు రోజుల సభ్యత్వం వస్తుంది. "నా రెక్కల కష్టం మీద ఆడుకుంటున్నాను" అంటాడు. ఆ రెక్కల కష్టాన్ని గంటల్లోకి మార్చి, ట్యూషన్ రేటుతో గుణించి అక్క ఒకసారి కాగితం మీద వేసింది. ఆ కాగితం ఇప్పుడు కనపడటం లేదు.

ఏదైతేనేం, ఇరవైమూడు విద్యలూ తొంభైతొమ్మిదికి చేరాయి. మొత్తం 2277. ఇంతకు మించి పైకి లేదు. అపార్ట్‌మెంట్ అంతా కాజాలు పంచాడు. ప్రమోషనా అని అడిగినవాళ్ళకి నవ్వి ఊరుకున్నాడు. ఆ సంబరం పాతబడక ముందే, 2025 నవంబరులో కంపెనీవాళ్ళు ఇరవైనాలుగో విద్య దించారు, నౌకాయానం. కొత్త లెక్క 2376. బావ ఒక్క రాత్రిలో అసంపూర్ణుడైపోయాడు. తప్పు ఆయనదే లెండి. ఈ ఆటలో ఏది కొత్తగా చేర్చాలన్నా ఆటగాళ్ళ ఓటింగ్ పెడతారు. ఒకప్పుడు 75 శాతం ఒప్పుకోవాలి, 2022 నుంచి 70 చాలు. కార్పొరేషన్ ఎన్నికల సెలవు రోజున గుమ్మం దాటని బావ, అక్కడి పోలింగ్ ఒక్కటీ వదలడు. సముద్రానికీ ఓటేశాడు.

ఆ వారం మా అమ్మ అక్కావాళ్ళింట్లోనే ఉంది. అల్లుడుగారు పడవ నడపడం నేర్చుకుంటున్నారని పిల్లలు చెబితే గాభరా పడిపోయింది. ఆయన జాతకంలో నీటిగండం ఉందని పెళ్ళిచూపులప్పుడే పంతులుగారు చెప్పారట.

"మీకు ఈతొచ్చా నాయనా?"

బావ ఫోన్‌లోంచి తలెత్తకుండానే అన్నాడు: "అది ఇంకా పెట్టలేదత్తయ్యగారూ. పోలింగ్‌కి రానివ్వండి, ఓటేస్తాను."