నిద్రాభంజని: ఒక అలర్టుకు టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ రెండు మాటలిచ్చాడు. మూలంలో లేనిది రాయనన్నాడు, అక్కరలేనిది చెప్పనన్నాడు. ఈ టీకాకారుడు మొదటి మాట వీలైనంత నిలబెట్టుకుంటాడు. రెండోదానికి పూచీ లేదు. అక్కరలేని వేళ అక్కరలేనిది చెప్పడమే ఈ మూలానికి అలవాటు మరి.

ఈ గ్రంథానికి కర్త ఎవరు? ఈ అలర్టును పంపే టెస్టును కాన్ఫిగర్ చేసినవాడే కర్త అని కొందరంటారు. అది చెల్లదు. అతడు హెచ్1బి బదిలీ చేయించుకుని వేరే కంపెనీకి వెళ్లి చాలాకాలమైంది. ఎందుకలా పెట్టాడో ఎక్కడా రాసిపెట్టలేదు. కర్త దొరకని వాక్యం అపౌరుషేయం. అందుకే దీన్ని ఎవరూ మార్చరు, ఎవరూ తీసెయ్యరు, అర్థం కాకపోయినా ప్రమాణమని ఒప్పుకుంటారు.

దీన్ని చదవడానికి అధికారి ఎవరంటే, ఈ వారం ఆన్‌కాల్ వంతు పడ్డవాడు. టెక్సస్‌లోని అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో అపార్ట్‌మెంట్లలో ఇటువంటి తెలుగు అధికారులు కోకొల్లలు. ప్రయోజనం: మళ్లీ నిద్రపోవడం.

మూలము

ప్రాబ్లమ్ సర్వీస్ అలర్ట్: డాల్-ఎడ్జ్-02 / పింగ్ ఈజ్ క్రిటికల్
పింగ్ క్రిటికల్ — పాకెట్ లాస్ = 100%
2025 మార్చి 9, ఆదివారం, 03:12, సెంట్రల్ టైమ్

ఛందస్సు: గణాలు కుదరవు. యతి ఉండవలసిన చోట కోలన్ ఉంది. రసం భయానకం.

ప్రతిపదార్థము

డాల్ = డాలస్ నగరమందలిదియు; ఎడ్జ్ = కంపెనీ పొలిమేరను కాచునదియు; 02 = రెండవదియునగు రౌటరునకు; పింగ్ = ఉన్నావా యను పిలుపు; క్రిటికల్ ఈజ్ = విషమించినదై యున్నది; పాకెట్ = పంపిన పొట్లములకు; లాస్ = నష్టము; 100% = నూటికి నూరు; సర్వీస్ = సేవకు సంబంధించిన; ప్రాబ్లమ్ = ఆపదను గూర్చిన; అలర్ట్ = హెచ్చరిక.

తాత్పర్యము

డాలస్‌లో రెండో రౌటరును పిలిస్తే పలకడం లేదు. లే.

విశేషములు

పింగ్ — ఈ పిలుపును ప్రోగ్రాముగా రాసినవాడు మైక్ మ్యూస్. 1983 డిసెంబరులో, మేరీలాండ్ రాష్ట్రంలోని అబర్డీన్‌లో, అమెరికా సైన్యపు బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో రాశాడు. జలాంతర్గామిని వెతికే సోనార్ చేసే చప్పుడునే దీనికి పేరుగా పెట్టాడు. అంతకు రెండేళ్ల ముందే, 1981 సెప్టెంబరులో, జాన్ పోస్టెల్ ఆర్‌ఎఫ్‌సీ 792లో ఈ పిలుపూ జవాబూ నడిచే ఐసీఎంపీ నియమాలు కూర్చాడు. పిలుపుకు 8 అని, జవాబుకు 0 అని అంకెలు వేశాడు. మన మూలమంతా ఈ ఎనిమిదికీ సున్నాకీ నడుమ నడిచే కథే. ఎనిమిది పోయింది, సున్నా రాలేదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, పలకకపోతే చచ్చినట్టేనా అంటాడు. కాదు. దారిలో ఏ ఫైర్‌వాల్ అయినా ఐసీఎంపీని మింగెయ్యవచ్చు. రౌటరు మిగతా పనుల ఒత్తిడిలో పింగ్‌ను పక్కన పెట్టవచ్చు. అయితే పలికితే బతికినట్టేనా? అదీ కాదు. పింగ్‌కు బదులిచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లోని ఒక చిన్న భాగం. పైన అప్లికేషన్ బిగుసుకుపోయి గంటయినా అది ఠంచనుగా సున్నా పంపుతూనే ఉంటుంది. ఒళ్లు తెలియని నిద్రలో ఉన్న మావయ్యను పిలిస్తే "ఊఁ" అంటాడు చూడండి, అంతే. కాబట్టి వెబ్‌సైటు నడుస్తోందా అన్నది తెలియాలంటే వెబ్ పేజీనే అడగాలి, వచ్చిన పేజీలో ఉండవలసిన మాట ఉందా అని చూడాలి. పింగ్ ఒక్కటి పెట్టి ఊరుకున్న కాన్ఫిగరేషన్లు దేశమంతా ఉన్నాయి. అవి పచ్చగానే ఉంటాయి.

క్రిటికల్ — ఎంత దాటితే విషమం? ఈ శాస్త్రంలో చాలామంది అనుసరించే సంప్రదాయం నేజియోస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ది. మిన్నెసోటా వాడైన ఈథన్ గాల్‌స్టాడ్ దాన్ని 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలుపెట్టాడు. పేరు హక్కుల చిక్కు వచ్చి 2002లో పేరు మార్చాడు. దానితో వచ్చే నమూనా ఫైల్లో పింగ్‌కు నాలుగు అంకెలున్నాయి. జవాబుకు 100 మిల్లీసెకన్లు పట్టినా, పొట్లాల్లో 20 శాతం పోయినా వార్నింగ్. 500 పట్టినా, 60 శాతం పోయినా క్రిటికల్. ఇది నమూనా మాత్రమే, మీ నెట్‌వర్క్‌ను చూసి మార్చుకోవలసినది. మార్చిన మహానుభావులు తక్కువ.

దీనివల్ల వచ్చే అనర్థానికి ఒక ఉదాహరణ. అదే కంపెనీకి హైదరాబాదులో ఆఫీసు ఉందనుకుందాం. అక్కడి రౌటరుకూ ఇదే టెస్టు అతికించారు. డాలస్ నుంచి హైదరాబాదుకు భూమి మీద గీత గీసినట్టు పోయినా 14 వేల కిలోమీటర్లు దాటుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లకు పైగా తప్పనిసరి. అసలు కేబుళ్లు సముద్రాల కింద మెలికలు తిరిగి పోతాయి కనుక ఇంకా ఎక్కువే. 100 దాటితే హెచ్చరించమని పెట్టిన టెస్టు హైదరాబాదు విషయంలో పుట్టిన రోజు నుంచీ పసుపుపచ్చగానే ఉంటుంది. ఏ వెండరుతో తగాదా పడ్డా అది పచ్చబడదు, అడ్డం వచ్చినవాడు ఐన్‌స్టైన్. హద్దు పెట్టేముందు కొన్నాళ్లు ఊరికే కొలిచి, ఆ దారికి మామూలు ఎంతో తెలుసుకుని, దాని మీద పెట్టాలి. తెర మీద ఎప్పుడూ పసుపుగా ఉండే గడిని మనిషి కన్ను కొద్దిరోజుల్లో చూడడం మానేస్తుంది. ఆ గడి పక్కది ఎర్రబడ్డా గమనించదు.

ఈజ్ — ఈ క్రియాపదం చూడడానికి చిన్నది, లోపల పెద్ద తతంగం ఉంది. ఒకసారి పలకనంత మాత్రాన సాఫ్ట్‌వేర్ ఫోన్ మోగించదు. మొదటి వైఫల్యాన్ని మెత్తని స్థితి అని రాసుకుని మళ్లీ పిలుస్తుంది. చెప్పినన్నిసార్లు, మామూలుగా మూడు నాలుగు సార్లు, పలకకపోతేనే గట్టి స్థితి అని తీర్మానించి మూలాన్ని వెలువరిస్తుంది. పలుకుతూ మానుతూ ఉండే దానికి వేరే లెక్క: చివరి 21 ఫలితాలు దగ్గర పెట్టుకుని, వాటి మధ్య రంగు ఎన్నిసార్లు మారిందో చూసి, మితిమీరితే "ఇది ఊగుతోంది" అని రాసి అలర్టులు ఆపేస్తుంది. అధికారి నిద్రకు ఉపకరించిన నియమాల్లో ఇదొకటి.

టెస్టే తప్పయితే? నేజియోస్ ధర్మశాస్త్రంలో, టెస్టు చేసే చిన్న ప్రోగ్రాము అయిన ప్లగిన్ చెప్పే మాట కంటే దాని నిష్క్రమణ అంకె ప్రధానం. 0 అయితే క్షేమం, 1 హెచ్చరిక, 2 విషమం, 3 తెలియదు. 127 అని వస్తే అసలు ఆ ప్రోగ్రామే అక్కడ లేదని, 126 అయితే ఉంది గాని నడిపే అనుమతి లేదని. ఈ విషయంలో ప్రతి కొత్తవాడికీ ఒకే కష్టం: "నేను చేత్తో నడిపితే నడుస్తోంది, సాఫ్ట్‌వేర్ నడిపితే నడవడం లేదు" అంటాడు. చేత్తో నడిపినప్పుడు అతడు రూట్, సాఫ్ట్‌వేర్ నడిపేది హక్కులు తక్కువున్న వేరే యూజరుగా. ఆ యూజరు వేషంలోనే నడిపి చూడాలి.

శిష్యుడి సందేహం

"గురువుగారూ, నా లాప్‌టాప్ నుంచి పింగ్ చేశాను, డాల్-ఎడ్జ్-02 చక్కగా పలుకుతోంది. మూలం అబద్ధమాడుతోందా?"

"నాయనా, నువ్వు ఏ దారిన వెళ్లావు?"

"వీపీఎన్‌లోంచి."

"వీపీఎన్ మొదటి రౌటరు మీదుగా లోపలికి వచ్చింది. నువ్వు రెండోదాని లోపలి చిరునామాను పిలిచావు. టెస్టు బయటి నుంచి దాని బయటి చిరునామాను పిలుస్తోంది. వీధి వైపు లైను తెగింది, పెరటి తలుపు తీసే ఉంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు."

టెస్టు ఎక్కడ నిలబడి పిలుస్తోందన్నది మూలంలో ఉండదు. వ్యాఖ్యాతే పూరించుకోవాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ప్రపంచమంతటా దాదాపు ఆరు గంటలు మూతబడినప్పుడు, లోపల నిలబడి చూసే వాళ్ల సొంత పనిముట్లు కూడా ఆ నెట్‌వర్క్‌తో పాటే పోయాయి.

మౌనాధికరణము

ఇంతవరకు మోగిన దానికి వ్యాఖ్య. మోగని దానికి ఎవరు రాస్తారు? పూర్వపక్షి మాట ఇది: అలర్టు రాలేదంటే అంతా క్షేమం, అనుపలబ్ధి కూడా ప్రమాణమే కదా. దీనికి సమాధానం ఒహాయోలో ఉంది.

2003 ఆగస్టు 14, మధ్యాహ్నం 2:14. ఆక్రన్ నగరంలో ఫస్ట్ఎనర్జీ విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారం ప్రోగ్రాము ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో రెండు పనులు ఒకే సమాచారం కోసం ఒకేసారి చెయ్యి చాచి ఇరుక్కుపోయాయని ఆ తర్వాత ఎప్పటికో తేలింది. ఆగిపోయినట్టు చెప్పే అలారం లేదు. ఆపరేటర్లు తెర చూస్తున్నారు, కొత్త అలారం ఒక్కటీ రావడం లేదు, ప్రశాంతంగా ఉందనుకున్నారు. 2:32కి పొరుగు సంస్థ ఫోన్ చేసి, మన ఇద్దరినీ కలిపే లైను ఒకటి తెగి మళ్లీ అతుక్కుంది, చూశారా అని అడిగింది. వీళ్ల తెర మీద ఏమీ లేదు.

2:41కి అలారం ఉన్న సర్వరు పడింది. భారం అందుకున్న రెండోది 2:54కి పడింది. అప్పుడు మాత్రం పేజర్లు మోగాయి, ఐటీ సిబ్బందికి. వాళ్లు 3:08కి సర్వరును రీబూట్ చేశారు. అది లేచింది. లేచిందని చూసుకున్నారు గాని, అలారాలు వస్తున్నాయా అని పక్క గదిలోని ఆపరేటర్లను అడగలేదు. అలారాలు రావడం లేదు. సర్వరుకు పింగ్ పచ్చ, దాని మీద నడవవలసినది ఎరుపు: మావయ్య "ఊఁ" అన్నాడు. ఈలోగా 3:05కి ఒక 345 కిలోవోల్టుల లైను చెట్టుకు తగిలి తెగింది, 3:32కి ఇంకొకటి, 3:41కి మూడోది. అలారం పనిచెయ్యడం లేదని ఆపరేటర్లు గ్రహించింది 3:42కి.

ఇదే మధ్యాహ్నం ఇండియానాలోని కార్మెల్‌లో ఇంకో అంకం నడిచింది. ఆ ప్రాంతపు గ్రిడ్‌ను పైనుంచి గమనించే మిడ్‌వెస్ట్ ఐఎస్ఓ దగ్గర, గ్రిడ్ స్థితిని లెక్కగట్టే ప్రోగ్రాము ప్రతి ఐదు నిమిషాలకూ దానంతటది నడుస్తుంది. పన్నెండుంబావుకు దాని లెక్క కుదరలేదు. కారణం వెతకడానికి ఒక అనలిస్టు ఆ ఐదు నిమిషాల ట్రిగ్గరును ఆపాడు. ఒంటిగంట ప్రాంతంలో తప్పు దొరికింది, దిద్దాడు, లెక్క కుదిరింది. ట్రిగ్గరును తిరిగి వెయ్యడం మరిచి భోజనానికి వెళ్లాడు. సంగతి 2:40కి బయటపడింది. మళ్లీ వేస్తే మళ్లీ కుదరలేదు, ఈసారి ఇంకో తెగిన లైను సంగతి దానికి తెలియక. అన్నీ సర్ది పూర్తిగా దారిలో పెట్టేసరికి 4:04. కూలడం మొదలయింది 4:06కి. ఆ సాయంత్రం అమెరికాలో ఎనిమిది రాష్ట్రాలలోనూ కెనడాలో ఆంటారియోలోనూ సుమారు 5 కోట్ల మందికి కరెంటు లేదు.

ఈ వివరాలన్నీ అమెరికా, కెనడా ప్రభుత్వాలు కలిసి వేసిన సంఘం నివేదికలోనివి. మానిటరింగ్ చేసేవారికి ఇంతకు మించిన ఉపనిషత్తు ఈ టీకాకారుడికి తెలియదు. సిద్ధాంతం ఏమంటే, టెస్టును ఆపేటప్పుడే అది ఎప్పుడు దానంతటది మేలుకోవాలో కూడా రాసి ఆపాలి. మానిటరింగ్ సర్వరు బతికుందా అని వేరే చోటి నుంచి ఇంకొకటి పిలుస్తుండాలి. కావాలని విఫలమయ్యే టెస్టు ఒకటి పెట్టి, రోజూ పగటిపూట దాని అలర్టు ఫోనుకు వస్తోందా అని చూసుకోవాలి. అది రానినాడు పరుగెత్తాలి.

ఉత్తర మూలము

రికవరీ సర్వీస్ అలర్ట్: డాల్-ఎడ్జ్-02 / పింగ్ ఈజ్ ఓకే
2025 మార్చి 9, ఆదివారం, 03:41, సెంట్రల్ టైమ్

ఎవరూ ముట్టుకోలేదు, దానంతటదే బాగయింది. ప్రాచీన వ్యాఖ్యాతలు ఇటువంటి చోట టికెట్‌లో "నో ట్రబుల్ ఫౌండ్" అని రాసి ముగిస్తారు. మూలంలో మూడో పాదాన్ని, అంటే తేదీని, వాళ్లు చదవకపోవడమే దీనికి కారణం.

డాల్-ఎడ్జ్-02కు వీధి వైపు లైను ఇచ్చిన టెలికాం కంపెనీ ప్రతి నెలా రెండో ఆదివారం గంటసేపు మరమ్మతు చేస్తుంది. వాళ్ల గడియారం యూటీసీ, 8 నుంచి 9 వరకు. చలికాలంలో డాలస్‌కు అది తెల్లవారుజామున రెండు నుంచి మూడు. మన అపౌరుషేయ కర్త ఆ గంటకు అలర్టులు రాకుండా డౌన్‌టైమ్ పెట్టాడు, డాలస్ సమయంలో, రెండు నుంచి మూడు వరకు. చలికాలమంతా లైను తెగుతూనే ఉంది, ఫోన్ మోగలేదు. మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు ముందుకు జరుగుతాయి. రెండు కాగానే మూడవుతుంది. డౌన్‌టైమ్ పెట్టిన గంట ఆ రాత్రి పుట్టనే లేదు. మరమ్మతు మాత్రం యూటీసీ ప్రకారం, డాలస్ లెక్కన మూడింటికి మొదలైంది. 3:12కి మూలం వెలువడింది.

డౌన్‌టైమ్‌ను యూటీసీలోకి మార్చితే ఈ శ్లోకం ఇక వినబడదు. సెంట్రల్‌లోనే ఉంచుతామనే పట్టుదల ఉన్నవారు నవంబరు మొదటి ఆదివారం గురించి కూడా ఆలోచించుకోవాలి. ఆ రాత్రి ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది. దానికి టీకా, వచ్చే ఆన్‌కాల్ వంతువారు రాస్తారు.