కరకరలాడితే పుణ్యమే

మెత్తనిది పాపం, కరకరలాడేది పుణ్యం. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులున్న రాయదుర్గంలో ఐస్‌క్రీమ్ తినేవాళ్ల కొత్త ధర్మశాస్త్రం ఇది. ఉత్త వెనిల్లా తింటే "ఎంత షుగరో!" అని జాలిపడతారు. అదే వెనిల్లా మీద గ్రానోలా, బాదం పలుకులు, నాలుగు చియా గింజలు రాలితే ప్రోటీన్ బౌల్ అయిపోతుంది. పసుపునీళ్లు చల్లితే మైల పోయినట్టు.

మొన్న మా ఆఫీసు కుర్రాడు అరవై రూపాయలు అదనంగా పెట్టి పీనట్ ప్రాలిన్ వేయించుకున్నాడు. నాకూ కాస్త పెట్టాడు. ఎక్కడో తిన్న రుచి. నమిలాక గుర్తొచ్చింది, పల్లీపట్టి! బడి ముందు అమ్మేదాన్నే దంచి, ఫ్రెంచి పేరు పెట్టారు.

"ప్రోటీన్ ఉంటది సార్" అన్నాడు.

ఎందుకుండదు? 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల దాకా ఉంటుంది. కానీ వాడి కప్పులో పడింది చెంచాడు. 10 గ్రాములనుకుందాం, సగం పాకమే అనుకుందాం. మిగిలిన పల్లీల్లో దక్కేది గ్రామున్నర కూడా కాదు. కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. గుడ్డుకు సాటి రావాలంటే అయిదు చెంచాలు లాగించాలి, వాటితోపాటు 25 గ్రాముల చక్కెర. కుదిరితే రోజు మొత్తానికి అంతలోపే సరిపెట్టుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఐస్‌క్రీమ్ సంగతి ఇంకా లెక్కలోకి రానేలేదు.

గ్రానోలాది ఇంకా గొప్ప కథ. ఓట్స్‌ను నూనెలో, తేనెలో కలిపి వేయిస్తారు. తేనె అనగానే అందరికీ ఆయుర్వేదం గుర్తొస్తుంది, చక్కెర గుర్తురాదు. మామూలు వెనిల్లా 100 గ్రాములకు దాదాపు 200 కాలరీలైతే, గ్రానోలాకు 400 పైమాటే. తూకం వేస్తే పాపం కన్నా పుణ్యమే రెట్టింపు!

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగుల్లో 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. ఐస్‌క్రీమే కారణమని వాళ్లు అనలేదు, నేనూ అనను. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, నిద్ర లేకపోవడం చాలు. అలాంటివాళ్లకు పాకంలో ముంచిన గింజల్ని ఆరోగ్యమని అమ్మడానికి మాత్రం గుండెధైర్యం కావాలి.

ఇదే ఊళ్లో మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తినేవాళ్లు ప్రోటీన్ ఊసెత్తరు. తీపి తింటారు, మూతి తుడుచుకుంటారు, పోతారు.

మా కుర్రాడు పైనున్న ప్రాలిన్ పలుకులన్నీ ఏరుకు తిని, కరిగిన ఐస్‌క్రీమ్‌తో సహా కప్పును చెత్తడబ్బాలో పడేశాడు.

"డైట్ సార్" అన్నాడు.