గాలికి పాసుపుస్తకం ఏదీ?

చిత్తూరు గాలి చెడ్డది, తిరుపతి గాలి మంచిది. ఈ తీర్పు నాది కాదు, కేంద్ర ప్రభుత్వానిది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో 131 నగరాలున్నాయి. మన రాష్ట్రం వాటా 13. అందులో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. దేశం నలుమూలల నుంచి బస్సులు, కార్లు వచ్చి అలిపిరి దగ్గర పొగ వదిలినా తిరుపతి గాలికి దోషం అంటలేదు. అంతా ఏడుకొండలవాడి మహిమ!

గాలి చెడిందని పేరు తెచ్చుకున్న ఊరికే నిధులు. ఆ లెక్కన చిత్తూరుదే అదృష్టం. అయితే ఆ డబ్బు దుమ్ము కోసం. పీఎం10 ధూళిని 2025-26 నాటికి 40 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీస్తే, దేశం మొత్తం మీద నిధుల్లో 64 శాతం రోడ్ల మీది దుమ్ముకే పోయిందని తేలింది. దుమ్ముకు ఓ సుగుణం ఉంది. ఊడిస్తే ఫొటోలో పడుతుంది. గాలిని చెడగొట్టే మరో శత్రువు, కంటికి కనబడని ఓజోన్‌కు ఆ యోగం లేదు. ఏ నాయకుడు చీపురు పట్టినా అది కెమెరాకు చిక్కదు.

ఆకాశంలో ఎత్తున ఉన్నంతసేపు ఓజోన్ మనల్ని కాచే పెద్దమనిషి. నేల మీద పుడితే మాత్రం ఊపిరితిత్తులకు శత్రువు. ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు కనుక పట్టుకుని జరిమానా వేద్దామన్నా దొరకదు. బండ్లు, ఫ్యాక్టరీలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు, రంగుల ఆవిర్లు ఎండకు కలిసి దాన్ని పుట్టిస్తాయి. మన సీమలో కరువంతా వానకేగానీ ఎండకు కాదు కదా! ఓజోన్ పొద్దెక్కాక పని మొదలుపెట్టి, మధ్యాహ్నం ముమ్మరం చేసి, పొద్దుగూకే వేళకు తగ్గుతుంది. ఆఫీసు వేళలు ఇంత నిష్ఠగా పాటించేది మన జిల్లాల్లో అదొక్కటేనేమో.

పైగా, పొగ దట్టంగా ఉన్న కూడలిలో పుట్టిన ఓజోన్‌ను ఆ పొగలోని నైట్రిక్ ఆక్సైడే మింగేస్తుంది. గాలివాటున ఊరు దాటాక అది బలుస్తుంది. తప్పు టౌనుది, దండుగ పల్లెది. వేరుశనగకు ఓజోన్ పడదు. దిగుబడి తగ్గితే రైతు విత్తనాన్ని తిడతాడు, వానదేవుణ్ణి తిడతాడు. పక్క టౌను సిగ్నల్ దగ్గర ఆగిన లారీని తిట్టాలని ఆయనకెవరు చెప్పాలి?

కొలిచేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ నేలమట్టపు ఓజోన్‌ను 1990లలోనే కొలిచారు. 8 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటరాదని 2009లో కేంద్రమే గీత గీసింది. హద్దు ఉంది, పద్దు లేదు.

పద్దు పుట్టాలంటే గాలికి ఊరుండాలి. మనకేమో నిధులు మున్సిపాలిటీ పొలిమేర చూసి వస్తాయి. చెన్నై, బెంగళూరుల మధ్య మూడు రాష్ట్రాల పొగ తాగే ఈ గాలి ఏ కార్పొరేషన్‌దని రాయాలి? పాసుపుస్తకం లేని గాలికి పథకం ఎవరిస్తారు? అమెరికా ఈశాన్య రాష్ట్రాలు ఈ చిక్కు తీర్చుకోవడానికి 1990 చట్టం కింద ఓజోన్ మీదే ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలకూ 2021 చట్టంతో ఒక కమిషన్ వచ్చింది. ఢిల్లీ గాలిని ఎంపీలు పీలుస్తారు, గాదంకి గాలిని శాస్త్రవేత్తలు కొలుస్తారు. తేడా అదే!

మనకూ మూడు రాష్ట్రాల ఉమ్మడి సంఘం వేసి, దానికంటూ నిధి ఇవ్వమని నా మనవి. మొదటి సమావేశం తిరుపతిలో పెట్టండి. బ్రేక్ దర్శనం ఉంటుందంటే ఒక్క అధికారీ సెలవు పెట్టడు. దర్శనం అయ్యాక మధ్యాహ్నం చర్చకు కూర్చోవచ్చు. ఓజోన్ కూడా అప్పుడు డ్యూటీలోనే ఉంటుంది.