సందూక్ నెంబరు

మా రాయచోటి బజారులో కిరాణా కొట్టు గోడకి ‘వినియోగదారుడే దేవుడు’ అని ఒక అట్ట, దాని కిందనే ‘అప్పు రేపు’ అని ఇంకో అట్ట వేలాడుతుంటాయి. దేవుణ్ణి రేపు రమ్మనగలిగే ధైర్యం మా శెట్టిగారిది. కొట్టు ఆయనది మరి, ఆ మాత్రం ఉంటుంది. కువైట్ వచ్చి జమియాలో కేషియర్ కుర్చీ ఎక్కాక గానీ ఆ ధైర్యం విలువ నాకు తెలిసిరాలేదు. ఇక్కడ కస్టమరు దేవుడు కాడు. దేవుడైతే ఒక దండం పెట్టి ఊరుకోవచ్చు. ఇక్కడ కస్టమరే ఓనరు.

మాటవరసకి అనడం లేదు, కాగితాల మీదే ఓనరు. జమియా అంటే సహకార సంఘం. 1962లో కైఫాన్‌లో మొదటిది పెట్టారు. ఇప్పుడు కువైటీలు కాపురముండే ఏ పేటకి పోయినా అక్కడొక జమియా ఉంటుంది, దానికి వీధికొకటి చొప్పున చిన్న చిన్న బ్రాంచీలుంటాయి. ఆ పేట కువైటీలే వాటాదారులు. వాళ్ళే ఓట్లేసి బోర్డును ఎన్నుకుంటారు. ఏడాదికొకసారి వచ్చిన లాభాన్ని, ఎవరెంత సరుకు కొన్నారో చూసి వాళ్ళకే పంచుతారు. ఆ లెక్క కోసం ప్రతి వాటాదారుడికీ ఒక నెంబరు. దాని పేరు సందూక్ నెంబరు. బిల్లు ముగించేలోపు ఆ నెంబరు మెషీన్లో కొట్టాలి. కొట్టకపోతే ఆ సరుకు తాలూకు లాభం ఆయన ఖాతాలో పడదు. పడకపోతే ఏమవుతుందో తర్వాత చెప్తాను.

1990లో ఇరాక్ సైన్యం దేశాన్ని ఆక్రమించుకుని కూర్చున్న నెలల్లో జనానికి బియ్యం, పాలు చేరవేసింది ఈ జమియాలేనని ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని జమియా మీద వాళ్ళకుండే అభిమానాన్ని నేను తప్పుపట్టను. ఆ అభిమానం కౌంటరు దగ్గర నా నెత్తిన దిగేటప్పుడే కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

ఒక హజ్జీ ఉన్నాడు. తెల్లటి దిష్‌దాషా అంగీ, చేతిలో జపమాల, వెనక రెండు ట్రాలీలు, వాటిని తోస్తూ ఇద్దరు హమాలీలు. నేను సరుకు స్కాన్ చేస్తూ, “రఖమ్ సందూక్, హజ్జీ?” అన్నాను. ఆయన ఫోన్లో ఉన్నాడు. ఐదు వేళ్ళ కొసలూ ఒకచోట చేర్చి పైకీ కిందికీ ఆడించాడు. అరబ్బులు ఆగమని చెప్పే పద్ధతి అది. ఆగాను. సగం ట్రాలీ అయ్యాక మళ్ళీ అడిగాను. మళ్ళీ వేళ్ళు. ఈసారి కొంచెం గట్టిగా ఆడాయి. బిల్లు నలభై రెండు దీనార్ల చిల్లర. ఫోను చెవికి అలాగే ఉంచి ఇంకో చేత్తో కార్డు చాపాడు. డబ్బు కట్టయింది, స్లిప్పు బయటికొచ్చింది, హమాలీలు కవర్లు కట్టేశారు. అప్పుడు ఫోను జేబులో వేసుకుని, తీరిగ్గా, ఒక్కొక్క అంకే విడదీసి, సందూక్ నెంబరు చెప్పాడు.

అయిపోయిన బిల్లు మీద నెంబరు ఎక్కదు. బిల్లు రద్దు చేసి, సరుకంతా బయటికి తీసి, మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. రద్దు చేసే తాళం ముదీరు, అంటే మేనేజరు, దగ్గరుంటుంది. నాకొచ్చిన అరబ్బీలో ఇదంతా వివరించేసరికి హజ్జీ గొంతు చేపల సెక్షను దాకా వినిపించింది. “ఇది ఎవరి దుకాణం? నాది! నా దుకాణంలో నన్నే కాదంటావా?” ఈ ప్రశ్నకి జవాబు లేదు. నిజంగానే ఆయనదే. ఆ తర్వాతి మాట అందరికీ తెలిసిందే: “వైన్ ముదీర్?” మేనేజరెక్కడ అని.

మా ముదీరు మిస్రీ, అంటే ఈజిప్టువాడు. పెద్ద పొట్ట, చిన్న అడుగులు, ఎంత గొడవ జరుగుతున్నా చెదరని క్రాపు. ఆయన వస్తూ వస్తూనే, విషయం ఏమిటని కూడా అడక్కుండా, నన్ను తిట్టడం మొదలెట్టాడు. “నువ్వు మనిషివా, గాడిదవా? హజ్జీ ఎవరో తెలుసా నీకు?” నేను ఆయన చొక్కా మూడో గుండీ వైపు చూస్తూ తల దించుకున్నాను. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. ముదీరు ఎంత గట్టిగా తిడితే హజ్జీ అంత త్వరగా చల్లబడతాడు. రెండో గాడిదకి హజ్జీ మొహంలో కొంచెం జాలి కనబడింది. నాలుగో గాడిదకి ఆయనే అడ్డుపడి, “ఖలాస్, ఖలాస్, కుర్రవాడు, వదిలెయ్” అన్నాడు. బిల్లు మళ్ళీ కొట్టాం. హజ్జీ వెనక క్యూలో ఉన్నవాళ్ళందరూ ఈలోగా ఒక్కొక్కరుగా నన్ను తిట్టారు. అవి ముదీరు ఖాతాలో రావు, నా సొంతం.

సాయంత్రం బియ్యం బస్తాల వెనక ముదీరు నాకు టీ ఇచ్చాడు. “మాలేష్, యా మొహమ్మద్” అన్నాడు, ఏమనుకోకు అని. నా పేరు వెంకటరమణ. చొక్కా మీద బిళ్ళలో కూడా అదే ఉంది. ఈ దేశంలో పేరు తెలియని ప్రతి మగవాణ్ణీ మొహమ్మద్ అనే పిలుస్తారు. పేరు తెలిసినా, అది నాది లాంటిదైతే, అలాగే పిలుస్తారు. ఏడుకొండలవాడు దీన్ని పెద్దగా పట్టించుకుంటాడని నేననుకోను. ఇంకో సంగతి, గాడిదలు రెండు దాటిన రోజు టీలో పుదీనా కూడా పడుతుంది.

ఒకటి ఒప్పుకోవాలి. ఇక్కడివాళ్ళు అరిస్తే ఆ అరుపు అక్కడే వదిలేసి పోతారు. మర్నాడు అదే హజ్జీ, “షలోనక్?” అని నవ్వుతూ పలకరిస్తాడు. మనవాళ్ళయితే కోపాన్ని ఇంటికి మోసుకెళ్ళి జాడీలో ఊరబెట్టి, ఏడాది పొడుగునా కొంచెం కొంచెం వడ్డిస్తారు.

కౌంటరులో కూర్చునే ముందు నన్నొక బ్రాంచీలో వేశారు. చిన్న గది, రెండు ఫ్రిజ్‌లు, ఒక బల్ల. అక్కడి కస్టమర్ల ముఖాలు నేనెప్పుడూ పూర్తిగా చూడలేదు. కారు వచ్చి ఆగుతుంది. హారన్ మోగుతుంది. మనం పరుగెత్తాలి. అద్దం రెండు అంగుళాలు దిగుతుంది, అంతకన్నా దిగితే ఏసీ పోతుంది కాబట్టి. ఆ సందులోంచి చల్లగాలితో పాటు “మాయ్ బారిద్” అని ఒక మాట వస్తుంది. చల్లటి నీళ్ళు. లోపలికెళ్ళి తెచ్చేలోపు మళ్ళీ హారన్. బయటికొస్తే, నీళ్ళతో పాటు చిప్స్ కూడా కావాలట. చిప్స్ తెస్తే వెనక సీట్లో పిల్లవాడికి ఆ రంగు ప్యాకెట్టు నచ్చదు. కువైట్‌లో జూన్ మొదలు ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. మంచి నిబంధన. ఇక్కడి మిత్రిబాలో 2016 జులైలో 53.9 డిగ్రీల ఎండ కాసింది, పెట్టకపోతే మనుషులు మిగలరు. అయితే కొట్టు గడపకీ కారు అద్దానికీ మధ్యనున్న ఇరవై అడుగులూ ఆరుబయటలోకి వస్తాయా, కొట్టులోకి వస్తాయా అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు. తేల్చమని అడిగేంత అరబ్బీ నాకు అప్పటికి రాలేదు.

రంజాన్ గురించి ఎక్కువ చెప్పను. పొద్దు గుంకడానికి గంట ముందు జమియాలోకి వచ్చేవాళ్ళందరూ ఉపవాసం ఉన్నవాళ్ళు, అందులో సగం మంది పొద్దున్నుంచి సిగరెట్టు ముట్టనివాళ్ళు. విమ్టో షర్బత్ సీసాల దగ్గర ఒకరి ట్రాలీ ఇంకొకరి మడమకి తగిలిందంటే మూడు తరాల పూర్వీకులు పేరు పేరునా బయటికొస్తారు. తర్వాత ఉపవాసం విడిచే వేళయిందని నాయిఫ్ ప్యాలెస్‌లో ఫిరంగి పేలుతుంది, టీవీలో చూపిస్తారు. పేట మొత్తం నిశ్శబ్దం. రాత్రి తొమ్మిదికి అదే జనం మళ్ళీ వచ్చి నా చేతిలో ఖర్జూరాలు పెడతారు. ఆకలి మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

ఇంక మనవాళ్ళు. రాయచోటి, రాజంపేట, కోడూరు ఒకవైపు, రాజోలు, పాలకొల్లు ఒకవైపు. కువైట్‌లో తెలుగంటే ఎక్కువగా ఈ రెండు గాలులే వీస్తాయి. మనవాళ్ళు అరవరు. లెక్కలు వేస్తారు. దీనారుకి రెండొందల డెబ్బై రూపాయలకి పైనే కదా, దీనారుకి వెయ్యి ఫిల్సులు కదా, ఈ గుణకారాలన్నీ నా కౌంటరు మీదే జరగాలి. విజిట్ వీసా మీద వచ్చిన ఒక అత్తగారు కొత్తిమీర కట్ట వంద ఫిల్సులంటే వంద రూపాయలనుకుని గుండె పట్టుకున్నారు. అల్లుడు కంగారుగా, “ఇరవై ఏడు రూపాయలేనండీ” అని సర్దిచెబితే ఊపిరి పీల్చుకుని, మరుక్షణం, “ఇరవై ఏడా!” అని మళ్ళీ పట్టుకున్నారు. దీనారు ధర పెంచింది నేనే అన్నట్టు నా వైపు చూశారు. కరివేపాకు ప్యాకెట్టు దగ్గరైతే అసలు ఊరుకోలేదు. “కూరలో ఏరి పారేసేదానికి డబ్బులేంటి నాయనా? కొసరు వెయ్యి” అన్నారు. బార్‌కోడ్‌కి కొసరు తెలియదని ఆవిడకి చెప్పడం కన్నా హజ్జీకి బిల్లు రద్దు వివరించడమే తేలిక.

మనవాళ్ళలోనే ఇంకో రకం, సార్లు. వీళ్ళు నాతో ఇంగ్లీషులో మాట్లాడతారు, నన్ను మలయాళీ అనుకుంటారు. నెల మొదట్లో ఆఫర్ల పండగ నడుస్తున్న రోజు ఒక సారు వచ్చాడు. నేను స్కాన్ చేస్తుంటే ఫోన్లో ఎవరితోనో, స్వచ్ఛమైన తెలుగులో, “ఇక్కడో దద్దమ్మ దొరికాడ్రా కౌంటర్లో, ఒక్కో వస్తువుకీ ముహూర్తం చూసి తీస్తున్నాడు” అంటున్నాడు. అరబ్బీలో గాడిద అంటే నాకు చెవి దాకానే వస్తుంది. దద్దమ్మ మాత్రం నేరుగా లోపలికి దిగింది. చివరి వస్తువు కొట్టి, “పదకొండు దీనార్ల ఐదొందలండీ” అన్నాను.

సిగ్గుపడతాడనుకున్నాను. అస్సలు లేదు. మొహం వెలిగిపోయింది. “అరె, మన తెలుగోడివా! ఏ ఊరు తమ్ముడూ మనది?” అన్నాడు. ఫోన్లో ఉన్నవాడితో, “మనవాడేరా, నేను తర్వాత చేస్తా” అని కట్ చేశాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఆ ఉల్లిపాయల సంచి ఆఫర్‌లో ఒకటి వెయ్యి తమ్ముడూ” అన్నాడు. ఆ ఎర్రగడ్డల సంచి వాటాదారులకి మాత్రమే, సందూక్ నెంబరుకి ఒక్కటే. ఆ మాటే చెప్పాను. “ఎవరిదో ఒక నెంబరు కొట్టెయ్, మనలో మనకి ఏంటి?” కొడితే నా ఉద్యోగం పోతుందన్నాను. అప్పుడాయన వెనక్కి తిరిగాడు.

వెనక నిలబడింది రాజోలు అక్క. ఏదో ఇంట్లో పనికి ఉంటుంది, రోజుకి రెండుసార్లయినా వస్తుంది. తన మామ ఫోన్ నెంబరు చూడకుండా చెప్పలేదు గానీ, ఆ ఇంటి సందూక్ నెంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా అరబ్బీలో గడగడా చెబుతుంది. ఫోన్లో ఈయన అన్నదంతా ఆవిడ విన్నది, నేను చూశాను. వింటూ ముసుగు సర్దుకుంది.

“అమ్మా, మీ ఇంటావిడ నెంబరు కొంచెం చెప్పవా? ఆవిడకి లాభమే కదా” అన్నాడు సారు, ఎంతో మర్యాదగా.

“దానికేం భాగ్యమండీ” అని నా వైపు తిరిగి, “కొట్టు తమ్ముడూ” అని నాలుగంకెలూ చెప్పింది. కొట్టాను. మెషీన్ కీచుమంది. ఈ నెంబరు మీద సంచి తీసుకోవడం అయిపోయిందని ఎర్రగా చూపించింది.

“ఆయ్, నా మతిమరుపు మండ! పొద్దున్నే నేనే అట్టుకెళ్ళేను కదండీ” అంది అక్క, మొహంలో ఒక్క గీతైనా కదలకుండా. “ఉల్లిపాయలు లేకపోతే ఏముందిలెండి సార్. ముహూర్తం చూసుకుని రేపు రండి.”