పీటలాయన

పీటలాయన కోనసీమలో ఈమధ్య కాలంలో పుట్టుకొచ్చిన మనిషి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఏ ఊళ్లో దిగినా ఒకరికి తక్కువ కాకుండా కనిపిస్తాడు. వయసు అరవై దాటి ఉంటుంది. బ్యాంకులోనో కాలేజీలోనో చేసి రిటైరై ఉంటాడు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటారు. మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి జానెడెత్తు పీట మీద కూర్చుంటే మరొకరు చెయ్యందిస్తే తప్ప లేవలేడు. ప్రాణం మాత్రం జానెడెత్తు పీటల మీదే.

ఈ జాతి మూలాలు 1996 నవంబరు 6 నాటి తుఫానులో ఉన్నాయి. ఆ రాత్రి లక్షల కొబ్బరిచెట్లు కూలాయి, ఇళ్ల పెంకులు ఎగిరిపోయాయి. దెబ్బతిన్న మండువా లోగిలిని బాగుచేయించడం దండగని పడగొట్టి స్లాబు వేసుకున్నవాళ్లలో పీటలాయన కూడా ఒకడు. టేకు స్తంభాలు, గుమ్మాలు కొలిపించి మరీ అమ్మాడు. అటక మీది ముక్కాలిపీటలూ పెళ్లిపీటలూ కొలతకు రాలేదు. కొన్ని నీళ్లకాగు కిందికి వెళ్లాయి, కొన్ని పాత సామాను బండి ఎక్కాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు కొడుకింటికి అమెరికా వెళ్లి, అక్కడొక దుకాణంలో అచ్చం వాళ్ల నాయనమ్మ పాలు పితికే ముక్కాలిపీట లాంటిది అద్దాల పెట్టెలో దీపాల మధ్య చూశాడు. ధర చీటీ చదివి, రూపాయల్లోకి మార్చుకుని, కాసేపు పక్కనున్న సోఫాలో కూలబడ్డాడు. పీటలాయనగా లేచాడు.

స్టూళ్లను ఆయన మూడు రకాలుగా విడగొడతాడు: యాంటిక్, వింటేజ్, కాంటెంపరరీ. మొదటిదానికి చట్టం అండ ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువే పురావస్తువు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఈ సంగతి కోడలికి ఫోన్లో రెండుసార్లు చెప్పాడు. ఆ అమ్మాయి ఏ పీటా అడగలేదు.

నూరేళ్లు నిండాయో లేదో తేల్చడానికి ఆయన పద్ధతులు నిజానికి మంచివే. పనసచెక్క కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ తేనెరంగుకీ ఆపైన ముదురు గోధుమరంగుకీ తిరుగుతుంది. బాడిసతో చెక్కిన పలక మీద వేళ్లు రాస్తే సన్నటి అలలు తగులుతాయి, మిషను కోతకు ఆ అలలుండవు. పైభాగం చూసి మోసపోకూడదు, పాలిష్ ఎవడైనా కొడతాడు. అసలు జాతకం అడుగున ఉంటుంది. అక్కడ ప్లస్ గుర్తు స్క్రూ కనిపించిందంటే ఆలోచించాల్సిందే, ఎందుకంటే ఫిలిప్స్ అనే అమెరికన్ దానికి పేటెంట్లు పొందింది 1936లో. తను కొన్న పీటకే ఆ స్క్రూ బయటపడితే మాత్రం, అది మధ్యలో ఎవరో చేయించిన మరమ్మతు.

ఈ అడుగు చూసే అలవాటు ముదిరి, ఎవరింటికెళ్లినా ముందు స్టూలును బోర్లించి తర్వాత కుశలం అడుగుతాడు. పరామర్శకు వెళ్లినచోట కూడా ఇదే వరస. కొత్తపేటలో శిల్పుల షెడ్ల ముందు ఆగి, జనమంతా విగ్రహాల వంక చూస్తుంటే ఈయన శిల్పి ఎక్కి నిలబడ్డ స్టూలు వంక చూస్తాడు.

పాత సామాను వ్యాపారికి ఈయన అడుగుల చప్పుడు తెలుసు.

“రండి బాబుగారూ, మీకోసమే దాచానండి. తుఫానుకి ముందుదండి ఇది, ఆయ్.”

“ఏ తుఫాను?”

“తమరు ఏదంటే అదేనండి.”

బేరం కుదురుతుంది. ఇంటికి తెచ్చి బోర్లిస్తే పలక అడుగున ఆకుపచ్చ రంగుతో ఒక అక్షరం. పెళ్లిళ్లకు అరువిచ్చిన సామాను తిరిగి చేరడానికి ఇంటిపేరులో మొదటి అక్షరం రాసుకునే రోజుల్లో వాళ్ల నాన్న రాయించిన అక్షరం. పీట తిరిగి చేరనే చేరింది, కాకపోతే ఆరువేలైంది.

వింటేజ్ అంటే నూరేళ్లు నిండనిదీ, పారేయడానికి మనసొప్పనిదీ. కంపౌండరు గుండ్రంగా తిరిగే ఇనప స్టూలు, దర్జీ స్టూలు, కాలేజీ లేబొరేటరీ స్టూలు ఇందులోకి వస్తాయి. వీటన్నిటికీ రాజు, ఆఫీసరు గది బయట ఉండే బంట్రోతు స్టూలు. చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాల్లో తుక్కు కింద వదిలించుకున్న పియరీ జెన్నరె కాలపు కుర్చీలూ స్టూళ్లూ విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాయని చదివినప్పటి నుంచి పీటలాయనకు ప్రభుత్వ కార్యాలయాలంటే గౌరవం పెరిగింది. ఏ పనీ లేకుండా వెళ్లి వరండాలో నిలబడతాడు. బంట్రోతు తన ఉద్యోగానికే ఎసరు వచ్చిందనుకుని స్టూలు మీంచి లేవడం మానేశాడు.

కాంటెంపరరీ రకం రాజోలు వైపు ఎక్కువ. గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్ల కొత్త ఇళ్లలో వంటగట్టు ముందు పొడుగుకాళ్ల స్టూళ్లు వరసగా ఉంటాయి. ఇక్కడ లెక్క ఒక్కటే. కూర్చునే పలకకూ గట్టుకూ మధ్య పది పన్నెండు అంగుళాలు ఉండాలి. మన వంటగట్లు ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు అంగుళాల ఎత్తున కడతారు. బార్ల కోసం చేసిన ముప్ఫై అంగుళాల స్టూలు తెచ్చి దాని ముందు వేస్తే తొడలు గట్టుకు తగులుకుంటాయి, మనిషి పక్కకు తిరిగి తినాలి. అలాంటి ఇళ్లలో ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చుని తింటారు, స్టూళ్ల మీద పాలిథీన్ కవరు అలాగే ఉంటుంది.

ఆధునికుల్లో పీటలాయన మెచ్చేది ఒక్కడినే, ఫిన్లండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో. 1933లో బర్చ్ చెక్కను వంచి ఆయన చేసిన మూడుకాళ్ల స్టూలు ఇంకా తయారవుతోంది. మూడు కాళ్లది ఎగుడుదిగుడు నేల మీద కూడా గడగడలాడదు, ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో ఉంటాయి. పశువులశాలలో ముక్కాలిపీట వేసినవాళ్లకు ఈ సూత్రం తెలియకపోయినా పీటకు తెలుసు. అయితే బరువు రెండు కాళ్ల మధ్య అంచుకు జరిగితే అదే పీట మనిషిని గిరాటు వేస్తుంది. ఈ రెండో సగం పీటలాయన చెప్పడు, వచ్చినవాళ్లకు అనుభవమవుతుంది.

సంరక్షణ పెద్ద పని. కాలవగట్టు చెమ్మకు కాళ్లు నానతాయి, సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, మిగిలింది చెదలు చూసుకుంటాయి. అందుకు జీడిపిక్కల తొక్కు నూనె మంచి మందు. జీడిపప్పుకు పేరుబడ్డ మోరి పక్కనే ఉంది కాబట్టి నూనెకు వెతుక్కోనక్కర్లేదు. పడవలకు కూడా రాసే నూనె అది, పురుగు దరిచేరదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కిస్తుంది. అది బాగా ఆరకముందే పీటలాయన బావమరిది ఒకసారి కూర్చున్నాడు. ఆ వారమంతా ఆయనకు ఏ కాలపు స్టూలూ పనికిరాలేదు.

నిజానికి ఆ ఇంట్లో ఏ స్టూలు మీదా ఎవరూ కూర్చోరు. “కూర్చోండి... అబ్బే, దాని మీద కాదండి” అన్నది అక్కడి స్వాగత వచనం. ఇల్లాలికి ఒక నీలం ప్లాస్టిక్ స్టూలుంది. దాని మీదే కూరలు తరుగుతుంది, అదెక్కే బూజు దులుపుతుంది, వచ్చినవాళ్లకు దాన్నే తుడిచి వేస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టాలు దిగితే, షామియానా కొట్టు నుంచి అలాంటివే రెండు డజన్లు అద్దెకు వస్తాయి. యాంటిక్కూ వింటేజీ అటకెక్కుతాయి.

పోయినేటికి వంటింటి సిమెంటు అటక నిండిపోయింది. వరండాలో మరో అటక వేయమని వడ్రంగిని పిలిస్తే, అతను కొలతలు తీసుకుని, పాత టేకైతే దిట్టంగా ఉంటుందన్నాడు. పూర్వం ఈ ఇంటి నుంచే కొన్న స్తంభాలు రెండు ఇంకా అమ్మకుండా ఉంచిన అడితి ఎక్కడుందో కూడా చెప్పాడు.